రెండు ట్రిపోలీలు, మూడు కొత్తపాలేలు

ట్రిపోలీలు రెండున్నాయి. ఒకటి లిబియాలో, ఇంకొకటి లెబనాన్‌లో. రెండూ రేవులే, రెండూ ఒకే సముద్రం ఒడ్డున ఉన్నాయి. ఈ సంగతి నాకు ఏ పంతులూ చెప్పలేదు. మూడో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి నేను. విశాఖపట్నం పోర్టులో ఎగుమతి పెట్టెల మీద మార్కా వేసే పనిలో చేరాక తప్పు రాసి, తిట్లు తిని నేర్చుకున్నాను. తిట్లు తిని నేర్చుకున్నది మరిచిపోలేం అంటారు. అబద్ధం. నేను మరిచిపోయాను. ఆ మరుపుకి మూల్యం చెల్లించింది నేను కాదు, మా అప్ప మొగుడు. ఆ సంగతే ఇది.

మార్కా అంటే పెద్ద విద్యేమీ కాదు. రేకులో కత్తిరించిన అక్షరాల్ని పెట్టెకి ఆనించి, నల్లరంగు కుంచెతో అద్ది, రేకు పైకి ఎత్తాలి. సరుకు ఎవరిది, ఎన్నో పెట్టె, ఏ రేవుకి. అంతే. డెబ్బయ్యో దశకం మొదట్లో నేను చేరేనాటికి కరక్కాయ బస్తాలు, గోనె బేళ్లు, యంత్రాల పెట్టెలు మా చేతుల మీదుగా వెళ్ళేవి. అక్షరాలు నాకు ఆ రేకుల మీదే పట్టుబడ్డాయి. ముందు ఇంగ్లీషువి, తరువాత తెలుగువి. ఇది తలకిందుల చదువని తెలుసు. కానీ నిలువుగా చదువుకున్నవాళ్ళు ఈ దేశానికి చేసిన ఉపకారం కూడా చూశాను.

మా మేస్త్రీ కోటవీధి మనిషి. కళ్ళద్దాలకి ఒక పక్క పుల్ల విరిగితే దారం కట్టి చెవికి చుట్టుకునేవాడు. నేను చేరిన మొదటి నెలలో వరసగా పదకొండు పెట్టెల మీద ట్రిపోలీ అని అద్ది, చాలా బాగా వచ్చిందని దూరంగా నిలబడి చూసుకుంటున్నాను. ఆయన వచ్చి, దేశం ఏదిరా అన్నాడు. ఊరు రాశాను కదండీ అన్నాను.

"ఊరొక్కటే రాత్తే సరుకు ఊరేగతాది. ఊరి కింద దేశం ఎయ్యి. ఎయ్యకపోతే ఆ పెట్టి నువ్వే మోసుకెల్లి ఇచ్చి రా."

అంతకు ముందెప్పుడో ఒక ట్రిపోలీకి వెళ్ళాల్సిన గోనె బేళ్లు రెండో ట్రిపోలీలో దిగిపోయాయట. అక్కడివాళ్ళు ఇవి మావి కావని చెప్పడానికి ఒక కాలం, తిరిగి రావడానికి ఇంకొక కాలం పట్టి, చివరికి వానలకి నాని బూజు పట్టి ఇక్కడికే వచ్చాయట. మేస్త్రీ ఆ కథ చెప్పినప్పుడల్లా బూజు కొంచెం పెరిగేది. పదకొండు పెట్టెల మీదా దేశం పేరు అద్దించి గానీ నన్ను అన్నానికి వదల్లేదు.

అక్కడి నుంచి నాకొక పిచ్చి పట్టుకుంది. పూర్ణా మార్కెట్టు దగ్గర పాత కాగితాల కొట్లో అట్టలేని అట్లాసు ఒకటి దొరికింది. ఆఫ్రికా సగం చిరిగిపోయింది, మిగతా ప్రపంచం బాగానే ఉంది. ఒక నోటుబుక్కు కుట్టుకుని, ఒకే పేరున్న ఊళ్ళన్నీ అందులో రాసుకునేవాణ్ణి. కార్టజీనా స్పెయిన్‌లో ఒకటి, కొలంబియాలో ఒకటి. జార్జిటౌను గయానాలో ఒకటి, మలయాలో ఒకటి. న్యూకాసిలు ఇంగ్లాండులో ఒకటి, ఆస్ట్రేలియాలో ఒకటి, రెండూ బొగ్గు రేవులే. హైదరాబాదు మనకొకటి, సింధులో ఒకటి. సేలం అరవదేశంలో ఉందనుకుంటే అమెరికాలోనూ ఉంది. ఓడ మీది కళాసీలని సైగలతో అడిగి కొన్ని రాబట్టాను. పుస్తకం సగం నిండేసరికి నాకొకటి అర్థమైంది. మనిషి పొట్ట చేత పట్టుకుని వలస వెళ్ళేటప్పుడు బరువు లేనిది ఊరి పేరొక్కటే కాబట్టి దాన్ని మూటలో వేసుకుపోతాడు. అక్కడ దిగబెడతాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ అక్కడ అప్పటికే ఉన్నవాళ్ళు ఆ చోటుని ఏమని పిలుచుకునేవారో, దాన్ని ఏ అట్లాసూ వెయ్యలేదు. అది మాత్రం నాకు మంటెత్తించేది. మా ఊరికి కూడా ఆ గతి పడుతుందని అప్పటికి తెలియదు.

మా ఊరు కొత్తపాలెం. ఇప్పుడు ఉక్కు కర్మాగారం గోడ లోపల ఎక్కడో ఉంది. ఉంది అనడం కూడా మాట వరసకే. ఉత్తరాంధ్రలో కొత్తపాలేలు, కొత్తవలసలు, కొత్తూళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేం. వెయ్యేళ్ళయినా కొత్తవే అవి. అందుకని మావైపు ప్రతి ఊరికీ ముందొక తోక ఉంటుంది. నూతులున్న ఊరైతే నూతుల కొత్తపాలెం, అది భీమిలి రోడ్డులో ఉంది. మాది మేకల కొత్తపాలెం. ఊరి వెనక కొండ మీద మా తాతల నాడు మేకలు కాసేవారట. నాకు బుద్ధి తెలిసేసరికి ఊళ్ళో మేక లేదు. చెరుకు, చోళ్ళు, సరుగుడు తోటలు. కానీ తోక పోలేదు. పోస్టు బంట్రోతు నుంచి పెళ్ళిళ్ళ పేరయ్య దాకా అందరూ మేకల కొత్తపాలెం అనేవారు.

నా పెళ్ళిలో విడిది నుంచి భోజనాలకి వెళుతుంటే ఆడపెళ్ళివారి కుర్రాడెవడో స్తంభం చాటు నుంచి మేకలా అరిచాడు. ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. పందిరంతా నవ్వింది. మా వైపువాళ్ళు కూడా నవ్వారు, మా బావైతే తిరిగి అరిచాడు. నేను నవ్వలేదు. ఆ అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. మనిషికి ఎందుకు గుర్తుంటాయో ఇలాంటివి, వేటి అవసరం ఉంటుందో అవి గుర్తుండవు.

బావ అంటే మా అప్ప మొగుడు. అక్కని మావైపు అప్ప అంటాం. నాకంటే మూడేళ్ళు పెద్ద. మావైపు ఆ వరసలో ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. అతనిదీ మా ఊరే. అక్షరమ్ముక్క రాదు, ఎకరంన్నర చెరుకు తోట మాత్రం చేతి గీతల్లా తెలుసు. ఆ ఎకరంన్నరా పోయింది. ముందు పునాదిరాయి వేశారు, తరువాత ఏళ్ళ తరబడి ఏమీ చెయ్యలేదు, తరువాత ఒక్కసారిగా వచ్చి ఇళ్ళ మీద నెంబర్లు వేశారు. కర్మాగారం వద్దని నేననలేదు. ఉక్కు కావాలి. అయితే ఊరు ఖాళీ చెయ్యమన్నవాళ్ళలో ఒక్కడు కూడా ఈ ఊరి పేరేమిటని అడగలేదు. కాగితంలో రాసుకుని వచ్చారు కదా, అడగడమెందుకు? కాగితంలో కొత్తపాలెం అనే ఉంది. తోక లేదు.

కూర్మన్నపాలెం దాటాక మాకు స్థలాలిచ్చారు. అక్కడ సున్నంతో గీతలు గీసిన పర్ర నేలని మావాళ్ళు మొదటి రోజు నుంచే కొత్తపాలెం అన్నారు. గయానాకి వెళ్ళిన దొరలు చేసిన పనే మేమూ చేశాం. దాన్ని అంతకు ముందు ఎవరేమని పిలిచేవారో మేమూ అడగలేదు. అంటే గోడ లోపల ఒక కొత్తపాలెం, గోడ బయట ఒక కొత్తపాలెం, భీమిలి రోడ్డులో ఇంకొకటి.

భూమి పోయినవాళ్ళకి కార్డులిచ్చారు. ఇంటికొక ఉద్యోగం అన్నారు. దరఖాస్తు పెట్టుకుంటే వరస ప్రకారం పిలుపు ఉత్తరం వస్తుంది, చెప్పిన తేదీకి కార్డు పట్టుకుని వెళ్ళాలి. వయసుకొక హద్దు పెట్టారు. బావకి ఆ హద్దుకి ఏడాది కూడా లేదు. నిజానికి అతని అసలు వయసు ఎవరికీ తెలియదు. కార్డు రాసిన ఆఫీసరు ఇతని నెరిసిన చెంపలు చూసి తనకి తోచింది వేసేశాడు. కాబట్టి ఇప్పుడు వచ్చే పిలుపు వస్తే వచ్చినట్టు, లేకపోతే మళ్ళీ లేదు. ఈ మాట ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు.

కూర్మన్నపాలెం జంక్షనులో చెక్కబల్ల వేసుకుని దరఖాస్తులు రాసిపెట్టేవాడు ఒకడుండేవాడు. కాలనీ అంతా అతని చేతే రాయించుకుంది. అతని దస్తూరీ కోడి గెలికినట్టు ఉండేది, అక్షరానికొక తప్పు. మా ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనుండగా వాడి దగ్గరికెందుకని బావని ఆపాను. ఆదివారం నాడు అరుగు మీద కూర్చుని, మార్కా అక్షరాలంత గుండ్రంగా దరఖాస్తు రాశాను. పేరు, తండ్రి పేరు, కార్డు నెంబరు అయ్యాయి. ఊరు దగ్గరికి వచ్చాను. కొత్తపాలెం అని రాసి, కింద జిల్లా వేస్తున్నాను. బావ పక్కన కూర్చుని చుట్ట చుట్టుకుంటున్నాడు. అతనికి చదవడం రాదు గాని, నోటితో చెప్పుకుంటూ రాసే అలవాటు నాది, అది విన్నాడు.

"మేకలు రాయవేటి బావా? ఆ బల్లకాడోడు అందరికీ రాత్తన్నాడు."

"వాడు రాస్తాడు, వాడికేం తెలుసు. సర్కారు కాగితం మీద మేకలూ గొర్రెలూ ఏమిటి? అది మనల్ని ఎక్కిరించడానికి పెట్టిన పేరు."

"ఎక్కిరింపైతే ఏటి, పోస్టాయనకి అదే తెలుసు."

"ఆ పోస్టాయన ఊరితోనే పోయాడు. ఇప్పుడు పట్నం పోస్టు. జిల్లా వేశాను కదా, చాలు."

"సదివినోడివి, నీకు తెల్దేటి," అని ఊరుకున్నాడు. వెటకారం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది. కింద సంతకం చోట వేలిముద్ర వేశాడు. ఆ సిరా వేలిని గోడకి రాసుకున్నాడు.

మూడు నెలలకి కాలనీలో ఉత్తరాలు రావడం మొదలైంది. బావ కంటే వెనక వరసలో ఉన్నవాళ్ళకి కూడా వచ్చాయి. అప్ప రోజూ మధ్యాహ్నం సైకిలు గంట వినబడితే గుమ్మంలోకి వచ్చి నిలబడేది. పోస్టాయన చెయ్యి అడ్డంగా ఊపి వెళ్ళిపోయేవాడు. వరస తప్పించి ఎవరో మింగేశారని నేను ఎగిరాను. అర్జీ కూడా రాశాను. ఎవరినో ఒకరిని తిట్టడం నాకు అప్పటికే అలవాటైపోయింది.

ఒకరోజు పోర్టులో యంత్రాల పెట్టెల మీద జార్జిటౌను అద్దాను. ఆ రేకు తీసి పక్కన పెట్టి, గయానా రేకు కోసం చెయ్యి చాచాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. పదేళ్ళ పైబడి రోజుకి వంద సార్లు ఆ చెయ్యి ఊరి కింద దేశం వేస్తోంది. ఆ చేత్తోనే ఆ ఆదివారం మేకల్ని వదిలేశాను. గోడ లోపలి కొత్తపాలేనికి పోస్టు ఆగిపోయింది. కాలనీ పేరు ఇంకా పోస్టు పుస్తకాల్లోకి ఎక్కలేదు. తోక ఉన్న ఉత్తరాలని పాత సార్టరు ఎవరో గుర్తుపట్టి కూర్మన్నపాలెం పంపుతున్నాడు. తోక లేనిదాన్ని ఎక్కడికి పంపుతారు? ఉన్న ఊరికే పంపుతారు. లేని ఊరికి ఎవరు పంపుతారు? పట్నం పోస్టు కింద ఉన్న కొత్తపాలెం ఇక భీమిలి రోడ్డులోది ఒక్కటే.

మర్నాడు సెలవు పెట్టి బావని తీసుకుని ఆర్టీసీ కాంప్లెక్సులో భీమిలి బస్సెక్కాను. కార్డుని పాలిథీన్ కవర్లో పెట్టి, ఆ కవరుని గుడ్డసంచిలో పెట్టి, సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు బావ. ఎందుకు వెళుతున్నామో చెప్పాను. తప్పు నాదని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు, పోస్టువాళ్ళ తెలివితక్కువతనం గురించి చాలా చెప్పాను. విని విని, ఆ ఊళ్ళో కూడా ఇలాగే చదువుకున్న బావమరిది ఒకడుంటాడేమో అడుగుదాం అన్నాడు. బస్సు దిగి, జీడితోటల మధ్య రెండు మైళ్ళు నడిచాం.

మా పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరిదో తెలియని ఉత్తరం వస్తే పోస్టు బంట్రోతు దాన్ని వెనక్కి పంపడు. అందరూ వచ్చిపోయే చోట, టీ కొట్టు చూరులో దోపుతాడు. ఎవరిదైతే వాళ్ళు వచ్చి తీసుకుంటారని. మా పాత ఊళ్ళో ఆడపిల్లల అత్తారిళ్ళ ఉత్తరాలు అలాగే దొరికేవి. నూతుల కొత్తపాలెంలోనూ టీ కొట్టు ఉంది, తాటాకు చూరు ఉంది. కొట్టు నడిపే ముసలామెకి చెప్పగానే ఎత్తు పీట వేసుకుని చెయ్యి పైకి పెట్టి, మోదుగాకుల్లో చుట్టి పుల్లతో కుట్టిన పొట్లం ఒకటి తీసింది. విప్పితే ఉత్తరం. చెక్కుచెదరలేదు.

"మా ఊరి పేరే ఉంది గాని మడిసి నేడు బాబూ. సర్కారు ముద్ర సూసి బయమేసింది. పొగకి పాడైపోద్దని ఆకు సుట్టినాను. దార్నెల్లే పెతోడినీ అడగతన్నాను, ఈ పేరు మీదేనేటని."

ఆమె చెయ్యవలసిన దానికంటే ఎక్కువే చేసింది. ఉత్తరం విప్పాను. రెండుసార్లు చదివాను. బావ నా మొహం చూస్తున్నాడు. ఒక్క క్షణం, ఇంకా టైముందని చెబుదామా అనిపించింది. చదవడం వచ్చినవాడికి ఆ అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

"ఎప్పుడుకి రమ్మన్నారు?" అన్నాడు.

"మొన్న సోమవారం కాదు. అంతకు ముందు సోమవారం."

బావ తల ఊపాడు. ముసలామె రెండు టీలు పెట్టింది. అతను నెమ్మదిగా తాగి, గ్లాసు కడిగి ఇచ్చి, మీ ఊళ్ళో నూతులు నిజంగానే ఉన్నాయా అని అడిగాడు. ఆమె చూపించింది. ఉన్నాయి. రాతి కట్టు నూతులు నాలుగు, పక్కన రావి మొక్కకి కట్టి రెండు మేకలు. వాటిని చూసి నవ్వాడు. మేకలు వీళ్ళకుంటే పేరు మనకొచ్చిందన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు జీడితోటల దగ్గర, ముందు నడుస్తున్నవాడు వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"మేకలు రాయమని నానప్పుడే సెప్పినాను గదా బావా."

అంతే. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అప్ప మాత్రం అంది. ఇంటికి వెళ్ళాక ఉత్తరం చేతిలో పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, నా పెళ్ళి నాటి సంగతి నేను ఎన్నడూ ఆమెకి చెప్పకపోయినా చెప్పినట్టే అంది. "నీ పరువు కోసం మీ బావ నోట్లో మట్టి కొట్టీసినావురా తమ్ముడా." ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. పండక్కి అన్నం పెట్టింది గాని మాట్లాడలేదు.

ఆఫీసుకి వెళ్ళాం. బల్ల అవతలి గుమాస్తా చెడ్డవాడేమీ కాదు. ఉత్తరం మీరు ఇచ్చిన చిరునామాకే పంపామని దరఖాస్తు తీసి చూపించాడు. నా గుండ్రటి అక్షరాలు. జంక్షనులో ఆ చెక్కబల్లవాడు కోడి గెలికినట్టు రాసిన కాగితాలు ఆ దొంతరలోనే ఉన్నాయి, అన్నిటి మీదా మేకలున్నాయి. వచ్చే జాబితాలో చూద్దామన్నాడు. వచ్చే జాబితా వచ్చేసరికి కార్డులోని వయసు హద్దు దాటింది. ఆ వయసు మీరు వేసిన లెక్కే కదా అని వాదించాను. ఆరు అర్జీలు పెట్టాను, ఆరింటికీ ముట్టినట్టు ముద్ర వేయించుకున్నాను. ఆ కాగితాలు ఇప్పటికీ పెట్టెలో ఉన్నాయి. ఎన్నాళ్ళని కోప్పడతాం? కోపం కూడా ఒక పని లాంటిదే, రోజూ చేస్తే నడుము పడిపోతుంది.

బావ కాంట్రాక్టరు కింద కూలీగా అదే గోడ లోపలికి వెళ్ళాడు. కొండని బట్టి చూసుకుంటే తన చెరుకు తోట బొగ్గు గుట్ట కింద ఉందని చెప్పేవాడు. గేటు దగ్గర ఆ రోజు పాసు, ఆ రోజుకే. సాయంత్రం నెత్తి నుంచి పాదాల దాకా నల్లగా వచ్చేవాడు. ఆ బొగ్గు ఆస్ట్రేలియా న్యూకాసిలుదని ఓడ మీదివాళ్ళు నాకు చెప్పారు. ఒకరోజు అతనికి న్యూకాసిళ్ళు రెండున్నాయని చెప్పాను. నాకు తెలిసినదేదైనా అతనికి చెప్పడం మానలేకపోయాను. నీళ్ళు పోసుకుంటూ విని, "ఏదైతే ఏటి బావా, మసి మసే," అన్నాడు.

ఎనభైల చివర్లో కాలనీ దగ్గర బస్సు ఆపడం మొదలుపెట్టారు. బోర్డు రాసిపెట్టమని కాలనీ కుర్రాళ్ళు నా దగ్గరికి వచ్చారు. కొత్తపాలెం కాలనీ అని రాయమన్నారు, బాగుంటుందని. వాళ్ళకి ఆ తోక నచ్చలేదు. కండక్టరు మేకల స్టాపు అని అరిస్తే తోటి కుర్రాళ్ళు నవ్వుతున్నారట. వాళ్ళ మొహాలు చూస్తే, పెళ్ళిపందిట్లో నిలబడిన నా మొహమే కనబడింది. సరే అన్నాను.

ఆదివారం పొద్దున్న స్తంభానికి కొట్టిన బోర్డు దగ్గరికి రేకు, రంగు, కుంచె పట్టుకుని వెళ్ళాను. బావ వచ్చి నేనెక్కిన బల్ల పట్టుకున్నాడు. అప్పటికి జుట్టు మొత్తం తెల్లబడింది. కొత్తపాలెం అన్న మాట రాయడం అయింది. తల వెనక్కి వంచి చూసుకున్నాను. అక్షరాలు బాగా కుదిరాయి.

"దేశం ఎయ్యవేటి బావా?" అన్నాడు కింద నుంచి.

మేస్త్రీ కథ అతనికి నేనే ఎన్నోసార్లు చెప్పాను. కుంచె మళ్ళీ రంగులో ముంచాను. కాలనీ అన్న మాటకని వదిలిన చోటు కింద ఉంది, దాన్ని వదిలేసి పైన మిగిలిన జానెడు జాగాలో మేకల అని రాశాను. ఇరుకై అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. కుర్రాళ్ళు చూసి గొణిగారు, ముసలాళ్ళకి చెప్పడం అనవసరమన్నారు. వాళ్ళు వెళ్ళిపోయాక బావ బల్లెక్కి, ఇందులో మేకలెక్కడున్నాయో చూపించమన్నాడు. చూపించాను. వేలిముద్ర వేసిన ఆ వేలితోనే మెల్లగా ముట్టుకున్నాడు. నల్లగా అంటుకుంది.

ఇంకా ఎండలేదన్నాను.

"ఎండుతాదిలే," అని, ఆ వేలిని స్తంభానికి రాసుకున్నాడు.